అట్టముక్క కంప్యూటరు

ముందే హెచ్చరిస్తున్నాను, ఇది ఒక ఘోరమైన ప్రమాదం గురించిన కథ. ఇందులో ఎవరికీ దెబ్బలు తగలవు, ఎవరినీ దవాఖానకు మోసుకుపోరు. అయినా ప్రమాదం ప్రమాదమే. ఒక బళ్లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలందరి వేళ్లూ ఒకేసారి దారి తప్పాయి. తప్పించింది నేను. ఎవరి సాయమూ లేకుండా, నా సొంత తెలివితో తప్పించాను. ఇంత పెద్ద పని ఒంటరిగా చేయడం నా జీవితంలో అదే మొదలు.

అది ఎనభైల చివర. నా పేరు సులోచన. మాది మోత్కూరు పక్క. లెక్కల టీచరుగా ఉద్యోగం వచ్చి, జడ్చర్ల నుంచి లోపలికి పోయే రోడ్డు మీద ఒక చిన్న ఊళ్లో, ఆడపిల్లల హైస్కూలులో చేరాను. ఆ ఊళ్లో నాకు ఎవరూ తెలియదు. మా బళ్లోనే ఉర్దూ చెప్పే, అందరూ ఆపా, అంటే అక్కా, అని పిలిచే రహీమున్నీసా తన ఇంటి ముందరి గది నాకు కిరాయికి ఇచ్చింది. ఆపాకు అప్పటికే జుట్టు సగం నెరిసింది. నన్ను బిడ్డా అని పిలిచేది, నేను వండిన చారు తాగి మొహం చిట్లించేది, ఆ వెంటనే తన గిన్నెలోంచి పుల్లటి ఖట్టా పులుసు తెచ్చి నా అన్నంలో పోసేది.

అట్లా ఉండగా సర్కారు మా బడికి కంప్యూటర్లు ఇస్తుందని కబురు వచ్చింది. దాని గురించి నేర్చుకు రావడానికి ఒక టీచరును హైదరాబాదు పంపాలి. మా హెడ్మాస్టరు రాఘవులు సారు స్టాఫ్ రూములో అందరి మొహాలూ చూశాడు. అందరూ నా మొహం చూశారు. వయసులో చిన్నదాన్ని, పిల్లలు లేరు, ఇంగ్లీషు కాస్త వచ్చు. అంతకన్నా అర్హత ఏం కావాలి?

"సులోచనమ్మా, నువ్వే పోవాలె. మంచిగ నేర్చుకొని రా. బడి ఇజ్జత్ నీ చేతుల ఉన్నది," అన్నాడు సారు.

బడి పరువును జాగ్రత్తగా సంచిలో పెట్టుకుని హైదరాబాదు బస్సెక్కాను.

అక్కడ ఒక కాలేజీ హాల్లో ట్రైనింగు. నాలుగైదు జిల్లాల టీచర్లు వచ్చారు. కంప్యూటర్లేమో చేతి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఒక్కో కంప్యూటరు చుట్టూ పెళ్లి భోజనాల దగ్గర మూగినట్టు మూగారు. నేను పొట్టిదాన్ని. నాకు ఎప్పుడూ ముందు వరస సార్ల చొక్కా వీపులే కనిపించేవి. ఏ సారు చొక్కా ఎక్కడ చిరిగిందో ఇప్పటికీ చెప్పగలను గానీ కంప్యూటరు ఎట్లా ఉండేదో చెప్పలేను. పాఠం చెప్పే ఆయన పై వరస అక్షరాలను మాత్రం మా చేత పాటలాగా పాడించాడు. "క్యూ, డబ్ల్యూ, ఈ, ఆర్, టీ, వై, యూ, ఐ, ఓ, పీ." అది బాగా వచ్చింది. మిగతా వరసలు మరునాడు అన్నాడు. మరునాడు మధ్యాహ్నం, ఖమ్మం నుంచి వచ్చిన ఇద్దరు టీచరమ్మలు చార్మినారు దగ్గరికి గాజులకు పోతున్నామన్నారు.

పాఠకులారా, మీరే చెప్పండి. ఒకవైపు చిరిగిన చొక్కా వీపులు. ఇంకొకవైపు గాజులు. మీరైతే ఎటు పోయేవారు?

నేను రెండు డజన్లు కొన్నాను.

తిరిగి వచ్చిన కొద్దిరోజులకే లారీలో పెట్టెలు దిగాయి. కంపెనీ మనిషి వాటిని విప్పి హెడ్మాస్టరు గదిలో బల్ల మీద అమర్చి, ఒకసారి స్విచ్చి వేసి చూపించాడు. ఆ సమయంలో నేను గుమ్మంలో పిల్లల్ని ఆపుతూ ఉన్నాను. ఆపుతూ ఆపుతూ రెండు జడల సందులోంచి చూస్తే నల్లటి తెర మీద చిన్న గీత ఒకటి మినుకుమినుకుమంటోంది. అంతే. ఆ గీతను చూసిన పిల్లలు రెండు రోజులు అన్నం తినలేదని తల్లులు వచ్చి చెప్పారు.

కంపెనీ మనిషి పోగానే సారు కుట్టు టీచరమ్మతో ఎర్ర మఖ్మల్ గుడ్డకు జరీ అంచు కుట్టించి కంప్యూటర్లకు ముసుగులు వేయించాడు. చూడటానికి పక్కపక్కన కూర్చున్న ఇద్దరు పెళ్లికూతుళ్లలాగా ఉన్నాయి. తర్వాత గదికి తాళం వేసి, తాళంచెవి తన మొలతాడుకు కట్టుకున్నాడు. ఆయన బల్ల, కుర్చీ వరండాలోకి వచ్చేశాయి.

"సారూ, మరి పిల్లలకు క్లాసు?" అన్నాను.

"చెప్పు. ఎవరొద్దన్నరు?"

"తాళం తీస్తే కదా చెప్పేది."

"సులోచనమ్మా, గా మిషన్ సర్కారు సొత్తు. దుమ్ము వడ్తది. కరెంటు ఎక్కువ తక్కువ అయితది. పిల్లలు ముట్టుకుంటరు. ఖరాబైతే నా పింఛన్ల కోస్తరు. ఇన్‌స్పెక్టర్ సారు తనిఖీకి వచ్చిననాడు తీద్దాం. అప్పటిదాంక నువ్వు నోటితోని చెప్పు."

నోటితో కంప్యూటరు చెప్పడం ఎట్లాగో ఆ ట్రైనింగులో చెప్పలేదు. లేకపోతే ఆ పాఠం కూడా నేను గాజులు కొంటున్నప్పుడే అయిపోయిందేమో.

కానీ పిల్లలు ఊరుకుంటారా? గంట కొడితే చాలు హెడ్మాస్టరు గది కిటికీ దగ్గర బారు తీరేవాళ్లు. కిటికీ రెక్కకు ఒక చీలిక ఉండేది. వంతులవారీగా ఒక కన్ను మూసి, రెండో కన్ను దానికి ఆనించి, ఆ ఎర్ర ముసుగులను చూసి వచ్చేవాళ్లు. అందరికన్నా ముందు ఉండేది యాదమ్మ. గొల్ల మల్లయ్య బిడ్డ. దగ్గరి పల్లె నుంచి నడిచి వచ్చేది. బక్కగా, నల్లగా, చేతిలో ఎప్పుడూ చింతచిగురో రేగుపండో నములుతూ, ఏది చెప్పినా ఎదురు ప్రశ్న వేసేది.

"టీచర్, ముసుగు కింద మిషన్‌కు ఉక్కపొయ్యదా?" అని ఒకరోజు.

"టీచర్, అది ఒక్కతీర్గ మూసి ఉంటే మనల్ని మర్చిపోదా?" అని ఇంకోరోజు.

ఒక సాయంత్రం అందరూ పోయాక నా దగ్గరికి వచ్చి, ఆ నమలడం కూడా ఆపి అంది. "టీచర్, మా బాపు ఎండకాలం సంది గొర్ల కాడికి రమ్మంటుండు. కంప్యూటర్ నేర్పుతరు, పదోది సుత చదువుత అన్న. సరే తియ్, ఇన్‌స్పెక్టర్ వచ్చిననాడు నేనే వచ్చి జూస్త, నిజంగ నేర్పుతె పంపుత అన్నడు. జర ఒక్కపారి ముట్టుకోనియ్యిరి టీచర్. ఒక్క బటన్. చిన్నది."

ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. ఆపా నా మొహం చూసి, "ఏమైంది బిడ్డా, చారు నువ్వే వండుకున్నవా?" అంది. సంగతి చెప్పాను.

"అరే, దానికి ఫికరెందుకు? ఉర్దూ నేర్పేటప్పుడు నేను పిల్లల చేతుల కాయితం లేకుంటే ఇసుకల రాయిస్త. నువ్వు మిషన్ లేకుంటే అట్టముక్క మీద గియ్యి."

పాఠకులారా, ఇక్కడ కాస్త గట్టిగా ఊపిరి తీసుకోండి. ప్రమాదం ఇక్కడే మొదలైంది.

అంగడి నుంచి చీరల పెట్టెల అట్టలు అడిగి తెచ్చాను. స్కేలు, పెన్సిలు పట్టుకుని ఆపా ఇంటి అరుగు మీద కూర్చున్నాను. పై వరస పాట పాడుకుంటూ రాసేశాను. అది అయిపోయాక పెన్సిలు ఆగింది. రెండో వరస ఏమిటి? మూడోది ఏమిటి? ఇంగ్లీషు ‘ఏ’ రెండో వరస మొదట ఉందని లీలగా గుర్తు. మూడు వరసలని గుర్తు. అంతకు మించి గుర్తున్నవి ముదురు నీలం గాజులు, వాటి మీద బంగారు చుక్కలు.

కాసేపు ఆలోచించాను. ‘ఏ’ మొదట ఉందంటే తర్వాత బి ఉంటుంది. బి తర్వాత సి. ఇంకేం ఉంటుంది? పై వరసలో వాడని అక్షరాలన్నీ ఏబీసీడీల వరసలో పేర్చుకుంటూ పోయాను. రెండో వరసలో తొమ్మిది, మూడో వరసలో ఏడు. ఒక్కటి మిగల్లేదు, ఒక్కటి తక్కువ కాలేదు. గీసిన గడులన్నీ నిండాయి. లెక్క సరిపోయింది కాబట్టి జవాబు నిజమే అయి ఉండాలి అనుకున్నాను. లెక్కల టీచరును కదా!

ఆపా కళ్లద్దాలు సరిచేసుకుని చూసింది.

"బిడ్డా, పైన అక్షరాలు లడాయి పెట్టుకున్నట్టున్నయి. కింద బుద్ధిగ వరసల నిలవడ్డయి. గట్లెందుకు?"

"అది సైన్స్ ఆపా," అన్నాను, జవాబు తెలియనప్పుడు టీచర్లందరూ చెప్పే మాట.

మరునాటి నుంచి మా క్లాసు చూసి తీరాలి. నా అట్ట చూసి పిల్లలందరూ తలా ఒకటి గీసుకున్నారు. నేలమీద వరసగా కూర్చుని అట్టలు ఒళ్లో పెట్టుకుని వేళ్లు కదిలించేవాళ్లు. నేను పెద్ద పట్నం మనిషిలా ఒక నియమం కూడా పెట్టాను. "బటన్ల వంక చూడొద్దు. చూసి కొట్టేది మొరటుతనం. చూపు తెర మీదనే ఉండాలె. వేళ్లకే తెల్వాలె." ఈ ముక్క మాత్రం ట్రైనింగులో నిజంగానే చెప్పారు. నా ఖర్మ, పై వరస పాట కాక సరిగ్గా గుర్తున్నది అదొక్కటే.

అట్టకు చప్పుడు ఉండదు కాబట్టి పిల్లలు నోటితో "టక్, టక్" అనేవాళ్లు. వరస అయిపోతే అట్ట కుడి అంచు మీద కొట్టి "ఠంగ్!" అని అందరూ కలిసి అరిచేవాళ్లు. పక్క గదిలో సాంఘికశాస్త్రం సారు అశోకుడి పాఠం ఆపేసి మా గుమ్మంలోకి వచ్చి, "ఏంది టీచర్, కంసలి దుకాణం వెట్టిన్రా?" అని అడిగాడు.

యాదమ్మకు సందేహం. "టీచర్, కొట్టినంక ఏమైతది?"

"కొట్టింది తెర మీదికి వస్తది."

"మనకు తెర లేదు గదా?"

"కళ్లు మూస్కో. ముందల తెర ఉన్నదనుకో. కొట్టు."

యాదమ్మ కళ్లు మూసుకుంది. వేళ్లు అట్ట మీద గబగబా కదిలాయి. తర్వాత మెల్లగా నవ్వింది.

"వచ్చింది టీచర్. నా పేరు వచ్చింది. తెల్లగ మెరుస్తాంది."

మిగతా పిల్లలు కూడా కళ్లు మూసుకున్నారు. "నాది సుత వచ్చింది!" "నాది పెద్దగ వచ్చింది!" "టీచర్, నాది జర వంకర వచ్చింది!" గది నిండా మూసిన కళ్లు, కదులుతున్న వేళ్లు. అవతల తాళం వేసిన గదిలో అసలు కంప్యూటర్లు ముసుగు కింద నిద్రపోతున్నాయి. ఇవతల మా అట్టముక్కల మీద ఊరూ పేరూ లేని కాంతి వెలుగుతోంది. ఆ క్షణంలో నాకు గొప్ప టీచరునన్న నమ్మకం కలిగింది. ఆ నమ్మకం ఇన్‌స్పెక్టరు వచ్చేదాకా చెక్కుచెదరలేదు.

ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే బడికి సున్నం వేశారు. కబురుతో పాటు ఇంకో మాట కూడా వచ్చింది. కంప్యూటర్లను వాడుకోలేని బడి నుంచి తీసుకుని జిల్లా పట్నంలో మగపిల్లల బడికి ఇస్తారట. రాఘవులు సారుకు ఆ మాటతో చెమటలు పట్టాయి.

"సులోచనమ్మా, పిల్లలకు వచ్చింది గదా?"

"కళ్లు మూస్కొని కొడ్తరు సారూ," అన్నాను ఛాతీ విరుచుకుని.

ఆ రోజు పొద్దున్నే మల్లయ్య గొంగడి భుజాన వేసుకుని వచ్చి వరండాలో స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టరు సారు లావుగా, పొడుగ్గా, పాన్ నములుతూ జీపు దిగాడు. హైదరాబాదు మనిషి. ఉర్దూ, తెలుగు కలిపి మాట్లాడతాడు. రాఘవులు సారు మొలతాడు నుంచి తాళంచెవి విప్పడానికి చాలాసేపు తిప్పలు పడ్డాడు. చివరికి ఆపా దగ్గర కత్తెర తీసుకుని మొలతాడే కోసేశాడు.

తలుపు తెరిచారు. ముసుగు తీశారు. స్విచ్చి వేయగానే కంప్యూటరు "కుయ్" మంది. పిల్లలందరూ ఒక్కసారిగా "హా" అన్నారు. నల్లటి తెర మీద అదే గీత మినుకుమినుకుమంది.

యాదమ్మ కుర్చీలో కూర్చుంది. పావడాకు చేతులు తుడుచుకుంది. నేను చెప్పిన నియమం ప్రకారం మెడ నిటారుగా పెట్టి, తెర వంకే చూస్తూ, వేళ్లను మీటల మీద పెట్టింది. ముందుగా ఒక చిన్న బటన్‌ను వేలి కొసతో తడిమింది. నాకు కనిపించింది.

"ఏం కొడ్తవ్ బేటీ?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"వెల్‌కమ్ సర్ అని కొడ్త సార్."

టకటకటక. ఎంత జోరు! ఇన్‌స్పెక్టరు కనుబొమలు పైకి లేచాయి. మల్లయ్య గొంగడి సర్దుకున్నాడు. ఇక చివరగా, ఠంగ్ అనే కుడి అంచు మీట నొక్కింది. ఇన్‌స్పెక్టరు ముందుకు వంగి కూడబలుక్కుని చదివాడు.

"వె... వెజ్... వెజ్డాక్సె విర్. గిదేంది?"

దాని కిందనే కంప్యూటరు తనంతట తాను ఇంగ్లీషులో ఒక మాట రాసింది. ‘మిస్టేక్’.

నా కాళ్ల కింది బండ జరిగింది. రాఘవులు సారు మాత్రం క్షణం ఆలస్యం చేయలేదు.

"కంప్యూటర్ భాష సార్! వాటికి వేరే భాష ఉంటది. మేం అదే నేర్పుతున్నం."

ఇన్‌స్పెక్టరు కూడా అప్పటిదాకా కంప్యూటరును దగ్గరగా చూసినవాడు కాడనుకుంటాను. గంభీరంగా తలూపాడు. "హా హా, మాలూమ్. మరి గీ మిస్టేక్ అంటే?"

"కంప్యూటర్ భాషల దయచేయండి అని అర్థం సార్."

"అచ్ఛా. నీ పేరేంది బేటీ? కొట్టు."

యాదమ్మ అయోమయంగా నా వంక చూసి, మళ్లీ తెర వంక చూస్తూ కొట్టింది. తెర మీద ‘యాఫక్సా’ లాంటిదేదో పడింది. కింద మళ్లీ ‘మిస్టేక్’.

"యాఫక్సా?"

"కంప్యూటర్ భాషల యాదమ్మను గట్లనే అంటరు సార్," అన్నాడు రాఘవులు సారు, రుమాలుతో మెడ తుడుచుకుంటూ.

"నా పేరు గదేం గాదు సార్!" అని యాదమ్మ. నేను దగ్గాను.

"ఇంకో పిల్లను పిలువుండ్రి. మీ జిల్లా పేరు కొట్టుమనుండ్రి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

షాహీన్ వచ్చి కూర్చుంది. చూపు తెర మీద, వేళ్లు మీటల మీద. మహబూబ్‌నగర్ అని కొట్టింది. ఇంగ్లీషు అక్షరాలు వరసగా తెర మీద పడుతుంటే ఇన్‌స్పెక్టరు ఒక్కొక్కటే కలుపుకుంటూ చదివాడు.

"క్స... జా... సూస్... జాసూస్?"

ఆపా నోటికి చీర చెంగు అడ్డం పెట్టుకుంది. ఉర్దూ తెలియనివారికి చెప్పాలి, జాసూస్ అంటే గూఢచారి.

"ఎవరు జాసూస్? నేనా? తనిఖీకొచ్చినోన్ని జాసూస్ అంటదా గీ మిషన్?"

"లేదు సార్, కంప్యూటర్ భాషల..." అని రాఘవులు సారు మొదలుపెట్టాడు గానీ ఆయన దగ్గర ఆ భాష అయిపోయింది.

అప్పుడు యాదమ్మ నా నియమం తప్పింది. తల దించి మొదటిసారి మీటల వంక చూసింది. చూసి గట్టిగా అరిచింది.

"టీచర్! ఎవలో బటన్లు కలిపిండ్రు! ఎమ్ ఉండాల్సిన కాడ ఎక్స్ ఉన్నది! ఎల్ ఈడ లేనే లేదు! మన అట్ట తీర్గ లేదు టీచర్, మిషన్ తప్పున్నది!"

మిషన్ తప్పట! ఇన్ని రోజుల తర్వాత కూడా ఆ మాట తలుచుకుంటే నాకు నవ్వూ వస్తుంది, సిగ్గూ వేస్తుంది. కంప్యూటరునే అనుమానించింది గానీ నన్ను అనుమానించలేదు ఆ పిల్ల.

"ఏదీ, ఆ అట్ట తెండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు. తెచ్చి కంప్యూటరు పక్కన పెట్టి అటూ ఇటూ చూశాడు. "ఎవరు గీసిండ్రు?"

ముందుకు వచ్చాను. చేతులకు ఆ నీలం గాజులే ఉన్నాయి. వాటిని కొంగు కింద దాచుకున్నాను.

"నేనే సార్."

"చూసి గీసినవా?"

"గుర్తున్నకాడికి గీసిన సార్."

"గుర్తులేని కాడ?"

"...ఏబీసీడీలు వేసిన."

ఆయన నా వంక చూశాడు. అట్ట వంక చూశాడు. పాన్ మింగేశాడు. తర్వాత పొట్ట పట్టుకుని, కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ అట్లా నవ్వాడంటే, జీపు డ్రైవరు భయపడి లోపలికి పరుగెత్తుకొచ్చాడు. ఆపా ఇక ఆపుకోలేక చెంగు వదిలేసింది. పిల్లలు కూడా నవ్వారు. యాదమ్మ ఒక్కతే నవ్వలేదు. మీటల మీంచి చేతులు తీయలేదు.

నవ్వు అయిపోయాక ఇన్‌స్పెక్టరు మామూలు గొంతుతో అడిగాడు. "మిషన్ బళ్లె ఉండంగ, దాన్ని చూసి గీయక గుర్తుకు తెచ్చుకొని గీసుడేంది?"

నేను ఏదో ఒక అబద్ధం వెతుక్కుంటుండగా రాఘవులు సారు గొంతు వినిపించింది.

"తాళం నా దగ్గర ఉన్నది సార్. టీచర్ అడిగింది. పిల్లలు అడిగిండ్రు. నేనే తియ్యలే. భయమైంది."

అంత పెద్ద మనిషి, కోసిన మొలతాడు ముక్క చేతిలో పట్టుకుని, క్లాసులో తప్పు చేసిన పిల్లవాడిలాగా నిలబడ్డాడు. నాకు ఆయన మీద అన్నాళ్లూ ఉన్న కోపం ఎటుపోయిందో తెలియదు.

"సార్," అంది యాదమ్మ. "ఒక్కపారి చూసుకుంట కొడ్త. జర టైమియ్యిరి."

ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకుని, కుర్చీ లాక్కుని ఆమె పక్కనే కూర్చున్నాడు. యాదమ్మ ఒక్క వేలితో వెతకడం మొదలుపెట్టింది. పిల్లలందరూ ఆమె మీద పడ్డారు.

"డబ్ల్యూ ఆడనే ఉన్నది!"

"ఎల్ ఎటువోయింది? ఎల్!"

"అగో, కుడిపక్క అంచుకు పోయి కూసున్నది!"

"సీ కింద ఉన్నది, కింద! నీ వేలు కాడ!"

"ఎమ్... ఎమ్..." ఇన్‌స్పెక్టరు కూడా కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చి వెతికాడు. "అరే ఎమ్ దొర్కుతలేదు గదా... మిల్‌గయా! ఇగో!" అని తనే నొక్కేశాడు. నొక్కి, చిన్నపిల్లవాడిలా చుట్టూ చూశాడు. ఆ రోజు అడ్డుచెప్పేవారు లేరు. షాహీన్ ఒకటి నొక్కింది, వెనక ఉన్న పిల్ల ఒకటి నొక్కింది. మిగతావాళ్లు తెరను, పెట్టెను, తీగను, ఏది అందితే దాన్ని ముట్టుకున్నారు. చాలాసేపటికి తెర మీద తెల్లగా, తప్పు లేకుండా ‘వెల్‌కమ్ సర్’ అని నిలబడింది.

"నొక్కు చివరిది!" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

యాదమ్మ నొక్కింది.

కంప్యూటరు కింద రాసింది. ‘మిస్టేక్’.

అందరూ నా వంక తిరిగారు. ఏదైనా రాయమని చెప్పడానికి దానికి ముందు ఒక ఆజ్ఞ ఇవ్వాలట. అది నేను గాజులు బేరమాడుతున్నప్పటి పాఠం. ఆ సంగతి నాకు తర్వాత పెట్టెలో దొరికిన పుస్తకం చదివితే తెలిసింది. అప్పుడు మాత్రం, "దయచేయండి అంటాంది సార్," అన్నాను. ఈసారి రాఘవులు సారు కూడా నవ్వాడు.

పోయేముందు ఇన్‌స్పెక్టరు మమ్మల్ని పక్కకు పిలిచి చెప్పాడు. కంప్యూటర్లను పట్నం బడికి పంపాలని పైనుంచి ముందే తీర్మానం అయిపోయిందట. తాను ఆపలేడట. "పరీక్షలయ్యేదాంక మాత్రం నేను కబురు పంపించ. రాఘవులూ, అప్పటిదాంక తాళం వేసినవంటే నేను మళ్ల వస్త."

వరండాలో మల్లయ్య నన్ను ఆపాడు. "టీచరమ్మా, మా పిల్ల తప్పు గొట్టిందా?"

"లేదే మామా. నేను తప్పు నేర్పిన. పిల్ల నేను నేర్పినట్టే కొట్టింది."

మల్లయ్య తలూపాడు. "అయితె నేర్పింది నేర్చుకున్నది. సాలు. పదోది సుత పంపుత. నువ్వు జర మంచిది నేర్పు."

ఆ చలికాలం మా బళ్లో తాళం లేదు. పిల్లల వేళ్లకు పాత వరస మరిపించడానికి నేను పడిన పాట్లు అన్నీ ఇన్నీ కావు. పొద్దున్నే వచ్చేవాళ్లు, చీకటి పడితే తరిమినా పోయేవాళ్లు కాదు. కరెంటు పోతే తెర వంక చూస్తూ అట్లాగే కూర్చునేవాళ్లు, వస్తుందేమోనని. ఆపా కూడా ఒకరోజు వచ్చి తన పేరు కొట్టించుకుని, "అంత పొడుగు పేరు మా అబ్బాజాన్ ఎందుకు పెట్టిండో," అని మురిసిపోయింది.

పరీక్షలు అయిపోయిన వారంలో లారీ వచ్చింది. ఎవరూ ఏడవలేదు. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి తలా ఒక మీట నొక్కి పోయారు. అందరిదీ అయ్యాక రాఘవులు సారు కూర్చున్నాడు. ఇంతకాలం ఆయన ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. లారీ డ్రైవరు హారను కొడుతుంటే, "చాయ్ తాగి రా పో," అని పంపించి, ఒక్క వేలితో, వెతుక్కుంటూ వెతుక్కుంటూ తన పేరంతా కొట్టాడు. యాదమ్మ పక్కన నిలబడి అక్షరాలు చూపించింది. చివరికి పేరు పూర్తిగా కనిపించాక ఇద్దరూ చాలాసేపు దాని వంక చూస్తూ ఉండిపోయారు. తర్వాత ఆయనే స్విచ్చి ఆపేశాడు.

ఆ మరుసటి ఏడే నాకు నల్లగొండ వైపు బదిలీ అయింది. యాదమ్మ పదోది పాసైందని ఆపా కబురు పంపింది. తర్వాత షాద్‌నగర్ వైపు పెళ్లి చేసి పంపారని తెలిసింది. ఆ తర్వాత ఆపా లేదు, కబుర్లూ లేవు. తొంభైల చివర మా కొత్త బడికీ కంప్యూటర్లు వచ్చాయి. రంగురంగుల తెరలు, మెత్తటి మీటలు. పిల్లలు గదిలోకి రాగానే మీద పడి నొక్కేస్తారు, పని అయ్యాక లేచి పోతారు. మంచిదే. అట్లాగే ఉండాలి. కానీ కొన్నిసార్లు వాళ్లు పోయాక నేను ఖాళీ గదిలో కూర్చుంటాను. ఒక చిన్న గీతను చూసి రెండు రోజులు అన్నం మానేసిన పిల్లల్ని, ఎర్ర గుడ్డను చూడటానికి కిటికీ చీలికకు కన్ను ఆనించిన పిల్లల్ని ఇప్పుడు ఎక్కడని వెతకను? షాద్‌నగర్ మీదుగా బస్సులో పోయినప్పుడల్లా కిటికీ పక్కన కూర్చుని రోడ్డు మీది ఆడవాళ్ల మొహాలు చూస్తూ పోతాను. బక్కగా, నల్లగా, ఏదో నములుతూ ఎవరైనా కనిపిస్తే బస్సు దిగిపోదామా అనిపిస్తుంది. ఒకసారి దిగాను కూడా. ఆమె యాదమ్మ కాదు. తర్వాతి బస్సు చాలా ఆలస్యంగా వచ్చింది.

ఇక నా ప్రతిజ్ఞ. పాఠకులారా, మీరందరూ సాక్షులు. నా కళ్లతో చూడనిదాన్ని ఏ పిల్లకూ, ఏ కాలంలోనూ నేర్పను. ఏ ట్రైనింగుకు పంపినా చివరి గంట కొట్టేదాకా కుర్చీలోంచి లేవను, ఎవరు పిలిచినా, ఏ బజారుకు పిలిచినా. ఇది నా ఉద్యోగం మీద ఒట్టు, నా లెక్కల పుస్తకం మీద ఒట్టు. ఇన్నేళ్లుగా ఈ ఒట్టు ఒక్కసారి కూడా తప్పలేదని గర్వంగా చెప్పుకుంటున్నాను. ఆ తర్వాత నన్ను ఏ ట్రైనింగుకూ ఎవరూ పంపలేదు.